రైలు ఆగిన పది నిమిషాలు: నార్త్ ప్లాట్ విశేషాలు

ప్రపంచంలోకెల్లా పెద్ద రైల్వే యార్డు ఉన్న ఊళ్ళో టికెట్టు కొనుక్కుని ఎక్కడానికి ఒక్క రైలూ లేదంటే నమ్ముతారా? అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్త్ ప్లాట్ సంగతి అదే. రాత్రనక పగలనక బళ్ళు వస్తూనే ఉంటాయి, పోతూనే ఉంటాయి. అన్నీ గూడ్సు బళ్ళే. బొగ్గు, మొక్కజొన్న, కొత్త కార్లు, సముద్రం దాటి వచ్చిన కంటెయినర్లు. మనుషులు ఎక్కే బండి ఇక్కడ ఆగడం 1971లోనే మానేసింది. ఇవాళ ఈ ఊరివాళ్ళకు రైలెక్కాలనిపిస్తే దక్షిణంగా 70 మైళ్ళ దాకా కారులో వెళ్ళి, మెకూక్ అనే ఊళ్ళో వేరే లైను మీద పోయే బండిని పట్టుకోవాలి.

ఊరి జనాభా 23 వేల పైచిలుకు. ఉత్తర ప్లాట్, దక్షిణ ప్లాట్ అనే రెండు నదులు ఊరికి కాస్త తూర్పున కలుస్తాయి. చుట్టూ గడ్డి మైదానాలు, పశువుల మందలు, మొక్కజొన్న చేలు. ఇంత చిన్న ఊరికి ఉన్న కథలు మాత్రం చిన్నవి కావు. నాకు బాగా నచ్చినవి, నచ్చకపోయినా చెప్పక తప్పనివి ఇక్కడ చెబుతున్నాను.

ఊరు వెలిసింది, వెంటనే ఖాళీ అయింది

1862లో అమెరికా ప్రభుత్వం తూర్పు పడమరలను కలిపే రైలు మార్గానికి చట్టం చేసింది. ఒమాహా నుంచి పడమటికి పట్టాలు వేసే పని యూనియన్ పసిఫిక్ కంపెనీది. ఆ కంపెనీ ప్రధాన ఇంజనీరు గ్రెన్‌విల్ డాడ్జ్ 1866లో రెండు నదుల నడుమ ఈ ఊరికి హద్దులు గీయించాడు. పట్టాలు ఇక్కడికి చేరేసరికి చలికాలం వచ్చేసింది. మంచులో పని సాగదు. దాంతో పట్టాలు వేసే కూలీలంతా ఇక్కడే మకాం పెట్టారు. వాళ్ళ వెనకాలే సారా దుకాణాలు, జూదశాలలు, నాట్యశాలలు డేరాలతో సహా వచ్చి వాలాయి. చూస్తూ చూస్తూ ఉండగానే కొన్ని వేల మంది పోగయ్యారు. పట్టాల వెంబడి ఇలా పుట్టుకొచ్చి కదిలిపోయే మకాములకు అప్పట్లో జనం పెట్టిన పేరు ‘చక్రాల మీది నరకం’.

1867లో ఎండలు ముదిరేసరికి పట్టాలు పడమటికి సాగి జూల్స్‌బర్గ్ చేరాయి. సారా దుకాణాలవాళ్ళు గోడల చెక్కలు ఊడదీసి, డేరాలు చుట్టచుట్టి, వ్యాగన్ల మీదికెక్కించి ఆ పట్టాల మీదే ముందుకు సాగిపోయారు. వెనక మిగిలింది కొన్ని వందల మంది. ఆ దారిలో అలా పుట్టిన మకాములు కొన్ని మట్టిలో కలిసిపోయాయి.

నార్త్ ప్లాట్ బతికి బట్ట కట్టడానికి కారణం ఆవిరి ఇంజనే. ఆ ఇంజను కొంత దూరం పోయాక నీళ్ళు నింపాలి, బొగ్గు వేయాలి, బూడిద దులపాలి, కీళ్ళకు నూనె పెట్టాలి. డ్రైవరు, ఫైర్‌మన్ దిగిపోయి వేరేవాళ్ళు ఎక్కాలి. ఈ పనులన్నిటికీ కంపెనీ ఈ ఊరిని ఎంచుకుని లోకో షెడ్డు, వర్క్‌షాపు కట్టింది. మన కాజీపేట, గుంతకల్లు పెరిగింది కూడా ఈ లెక్కలోనే కదా. షెడ్డు ఉన్నచోట జీతాలుంటాయి, జీతాలున్నచోట ఇళ్ళు లేస్తాయి, ఇళ్ళు లేచాక బడి, చర్చి, అంగడి తప్పవు.

రాజకుమారుడి వేట

1872 జనవరి 13న ఒక ప్రత్యేక రైలు ఈ స్టేషన్లో ఆగింది. దిగినవాడు రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ కొడుకు, గ్రాండ్ డ్యూక్ అలెక్సిస్. అమెరికా పర్యటనకు వచ్చినవాడికి బైసన్లను, అంటే అక్కడి అడవి దున్నలను వేటాడాలని ముచ్చట పుట్టింది. అమెరికా సైన్యాధికారులు జనరల్ షెరిడన్, కస్టర్ వెంట ఉన్నారు. దారి చూపించినవాడు బఫెలో బిల్ అని పేరుపడ్డ విలియం కోడీ. లకోటా తెగ నాయకుడు స్పాటెడ్ టెయిల్ తనవాళ్ళతో వచ్చి వేటలో పాల్గొన్నాడు. మర్నాడు అలెక్సిస్ పుట్టినరోజు. ఆ రోజే మొదటి దున్నను కొట్టాడు.

ఆనాటి పత్రికలకు అది పెద్ద పండగ. తర్వాత పది పదిహేనేళ్ళలోనే ఆ మైదానాల్లో దున్నల మందలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. తోళ్ళను బయటికి మోసుకుపోయిందీ, వేటగాళ్ళను లోపలికి తెచ్చిందీ ఈ రైలు మార్గాలే. ఆ దున్నల మీదే బతికిన పానీ, లకోటా, షయాన్ తెగలవాళ్ళ చేతిలోంచి నేల కూడా జారిపోయింది. ఊరి పుట్టుకను తలుచుకున్నప్పుడు ఈ నష్టాన్ని పక్కన పెట్టి సంబరపడటం నాకు న్యాయం అనిపించదు.

సర్కస్ కాని సర్కస్

బఫెలో బిల్‌కు ఆ పేరు తెచ్చిపెట్టిందీ రైల్వేనే. 1867-68లో కాన్సస్ పసిఫిక్ రైలు మార్గం కూలీలకు మాంసం సరఫరా చేసే పని అతనిది. పద్దెనిమిది నెలల్లో 4,280 దున్నలను కొట్టానని తన ఆత్మకథలో తనే లెక్క చెప్పుకున్నాడు. 1878లో కుటుంబంతో నార్త్ ప్లాట్‌లో స్థిరపడ్డాడు.

1882 జూలై 4న, స్వాతంత్ర్య దినం నాడు, ఊరివాళ్ళు ఏదైనా వేడుక చేయమని అతన్ని అడిగారు. గుర్రపు స్వారీలు, తాడు విసిరి పశువులను పట్టడం, తుపాకీ గురి, దోపిడీ దొంగలు బగ్గీని అడ్డగించే నాటకం, అన్నీ కలిపి ఒక పెద్ద జాతర చేశాడు. మరుసటి ఏడాది దాన్నే ‘వైల్డ్ వెస్ట్’ ప్రదర్శనగా మలిచి దేశం మీదికి తీసుకువెళ్ళాడు. 1887లో లండన్ వెళ్ళి విక్టోరియా రాణి ఎదుట ప్రదర్శించారు. సినిమాల్లో మనం చూసిన కౌబాయ్ బొమ్మకు అసలు అచ్చు పోసింది ఈ ప్రదర్శనేనంటే తప్పు లేదు.

1886లో అతను కట్టించుకున్న ఇల్లు ‘స్కౌట్స్ రెస్ట్’ ఇప్పుడు రాష్ట్ర చారిత్రక ఉద్యానం. ఇల్లు చూసి వెనక్కి తిరగకండి. పక్కనున్న గుర్రాల కొట్టం కూడా చూడండి. చూరు కింద ఆనుకున్న కొయ్య దూలాల కొసలను తుపాకీ మడమ ఆకారంలో చెక్కించాడు. ఏటా జూన్‌లో ఊళ్ళో జరిగే నెబ్రాస్కాలాండ్ డేస్ ఉత్సవాల్లో అతని పేరు మీద రోడియో పోటీలు జరుగుతాయి.

1929: చెప్పక తప్పని సంగతి

ఆ ఏడాది జూలైలో ఒక నల్లజాతీయుడి చేతిలో ఒక పోలీసు చనిపోయాడు. ఆ కోపంతో గుంపు బయల్దేరి ఊళ్ళోని నల్లవాళ్ళందరినీ పొమ్మంది. నేరంతో ఏ సంబంధమూ లేని కుటుంబాలు చేతికందిన సామాను పట్టుకుని, దొరికిన బండెక్కి పారిపోయాయి. ఊరి చరిత్రలో ఇది మాయని మచ్చ. తర్వాత చెప్పబోయే కథలోనూ ఇదే ఊరివాళ్ళున్నారు కాబట్టి దీన్ని దాచడం సబబు కాదు.

ముక్కూముఖం తెలియని పిల్లల కోసం

1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడ్డాయి. పది రోజులకు ఊళ్ళో ఒక కబురు పాకింది. నెబ్రాస్కా నేషనల్ గార్డ్ ‘డి’ కంపెనీ కుర్రాళ్ళతో ఒక మిలిటరీ బండి ఈ స్టేషన్ మీదుగా పోతుందని. వాళ్ళంతా ఆ చుట్టుపక్కల పిల్లలే. తల్లులు, అక్కచెల్లెళ్ళు, మనువాడబోయే అమ్మాయిలు, మొత్తం దాదాపు 500 మంది తినుబండారాలు, సిగరెట్లు, క్రిస్మస్ కానుకలు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద చేరారు. చలిలో గంటలు గడిచాయి. చివరికి బండి వచ్చి ఆగింది. కిటికీల్లో ఒక్క తెలిసిన ముఖమూ లేదు. అది ‘డి’ కంపెనీయే, కాకపోతే కాన్సస్ రాష్ట్రానిది.

కాసేపు ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరే కదిలి, తమ బిడ్డల కోసం తెచ్చినవి ఆ పరాయి పిల్లల చేతుల్లో పెట్టారు.

ఆ గుంపులో రే విల్సన్ అనే 26 ఏళ్ళ అమ్మాయి ఉంది. దుకాణంలో అమ్మకాల పని చేసేది. తన అన్న కోసం వచ్చింది. మర్నాడు ఊరి పత్రికకు ఉత్తరం రాసింది. మన ఊరి మీదుగా పోయే ప్రతి మిలిటరీ బండికీ మనం ఇలాగే ఎదురెళ్దాం, నా ఖాళీ సమయమంతా ఇస్తాను అని. వారం తిరిగేసరికి, సరిగ్గా క్రిస్మస్ నాడు, నార్త్ ప్లాట్ కాంటీన్ మొదలైంది. 1946 ఏప్రిల్ 1 దాకా, అంటే నాలుగేళ్ళకు పైగా, ఒక్క రోజు మూతపడలేదు. విల్సన్ కొన్ని నెలలకే ఆరోగ్యం దెబ్బతిని తప్పుకోవలసి వచ్చింది. ఆ పైన చివరిదాకా నడిపించినామె హెలెన్ క్రైస్ట్.

బండి ఆగేది పది, పదిహేను నిమిషాలు. ఇంజనుకు నీళ్ళు పట్టి, చక్రాలకు నూనె పెట్టే లోపు కుర్రాళ్ళు పరుగున లోపలికి రావాలి, తినాలి, తిరిగి ఎక్కాలి. రైళ్ళ రాకపోకలు యుద్ధ రహస్యం. ఎవరికీ ముందుగా చెప్పకూడదు. అందుకని ‘కాఫీ పొయ్యి మీద పెట్టాను’ అన్న మాటను గుర్తుగా పెట్టుకున్నారు. అది వినపడిందంటే బండి దగ్గర్లో ఉన్నట్టు. అంతే, బల్లల మీద శాండ్‌విచ్‌లు, ఉడికించిన గుడ్లు, డోనట్లు, చల్లటి పాలు, వేడి కాఫీ సిద్ధం. వేట కాలంలో ఫెజెంట్ పక్షి మాంసం పెట్టిన శాండ్‌విచ్‌లు ఈ కాంటీన్ ప్రత్యేకత. ఒక మూల పియానో ఉండేది. వాయించడం వచ్చిన కుర్రాడెవరైనా కూర్చుంటే, మిగతావాళ్ళు చేతిలో శాండ్‌విచ్‌తోనే అడుగులు వేసేవారు. గాయపడి బండి దిగలేనివాళ్ళ కోసం బుట్టలు పట్టుకుని పెట్టెల్లోకి ఎక్కేవారు.

ఆ రోజు పుట్టినరోజు ఉన్న కుర్రాడికి ఒక పూర్తి కేకు చేతికిచ్చేవారు. రోజుకు ఇరవై దాకా కేకులు పోయేవట. పందొమ్మిదేళ్ళ పిల్లవాడు, ఎక్కడికి పంపుతున్నారో తెలియదు, తిరిగొస్తాడో లేదో తెలియదు. దారిలో పేరైనా వినని ఊళ్ళో ఎవరో అమ్మ వయసు ఆవిడ నీ పుట్టినరోజటగా అని కేకు పెట్టింది. అరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ ముసలి సైనికులు ఈ ఊరి పేరెత్తగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారంటే ఆశ్చర్యమేముంది? 2002లో పాత్రికేయుడు బాబ్ గ్రీన్ వాళ్ళను వెతికి పట్టుకుని మాట్లాడి ఒక పుస్తకమే రాశాడు.

అప్పటికి ఊరి జనాభా 12 వేల చిల్లర. బళ్ళలో వచ్చే సైనికులు రోజుకు 3 వేల నుంచి 5 వేల మంది, కొన్నాళ్ళు అంతకు మించి. పెళ్ళింట్లో బంతి వెనక బంతి లేచినట్టు బండి వెనక బండి. ఈ ఒక్క ఊరివల్ల అయ్యే పని కాదు. చుట్టూ ఉన్న 125 ఊళ్ళు వంతులు వేసుకున్నాయి. కొన్ని పక్క రాష్ట్రం కొలరాడోలోవి. చక్కెరకు రేషను, కాఫీకి రేషను, పెట్రోలుకు రేషను ఉన్న రోజుల్లో, ఇంట్లో వాడకం తగ్గించుకుని, రేషను కూపన్లు కలిపి పెట్టుకుని, వందేసి మైళ్ళు వండిన తిండి మోసుకొచ్చేవారు. 1945 మార్చి ఒక్క నెలలో 40 వేలకు పైగా కుకీలు, 30 వేలకు పైగా ఉడికించిన గుడ్లు ఖర్చయ్యాయి. మొత్తమ్మీద 60 లక్షల మంది సైనికులు ఈ గుమ్మంలోకి వచ్చి వెళ్ళారని అంచనా. చేయి వేసినవాళ్ళు 55 వేల మంది, ఎక్కువమంది ఆడవాళ్ళే. ఒక్కరికీ జీతం లేదు.

ప్రభుత్వం సొమ్ము కూడా లేదు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సొంతంగా 5 డాలర్ల చెక్కు పంపాడు. మిగతాదంతా నాటకాలు, నృత్యాలు, పాత ఇనుము పోగుచేసి అమ్మడం, పశువుల సంతలో చందాలు. ఒక కుర్రాడు సంతలో ఒంటి మీది చొక్కా విప్పి వేలం వేశాడు. కొన్నవాళ్ళు తిరిగి వాడికే ఇచ్చేశారు. మళ్ళీ వేలం. ఆ చొక్కా వ్యాపారంలోనే దాదాపు 2 వేల డాలర్లు పోగుచేశాడు.

రంగు చూసి వడ్డించడం ఆ బల్లల దగ్గర లేదు. నల్లజాతి సైనికులకూ అదే కేకు, అదే కాఫీ, అదే చిరునవ్వు. పన్నెండేళ్ళ కిందట నల్లవాళ్ళను తరిమిన ఊరే ఇది. మొదటి దానికి రెండోది ప్రాయశ్చిత్తమని నేను అనను. అలా లెక్క సరిపెట్టడం వెళ్ళగొట్టబడినవాళ్ళకు అన్యాయం. రెండూ జరిగాయి, రెండూ గుర్తుండాలి.

పేలాలకు పాకం పట్టి ఉండలు చుట్టేటప్పుడు కొందరు అమ్మాయిలు తమ పేరు, చిరునామా రాసిన చీటీ అందులో పెట్టేవారు. ఉత్తరాలు వచ్చేవి. ఆ ఉత్తరాలు పెళ్ళిళ్ళ దాకా వెళ్ళిన సందర్భాలూ ఉన్నాయి.

స్టేషన్ ఇచ్చిన పెద్దమనిషి

కాంటీన్‌కు స్టేషన్ భోజనశాలను వాడుకోనిచ్చినవాడు యూనియన్ పసిఫిక్ అధ్యక్షుడు విలియం జెఫర్స్. అతను పుట్టింది ఇదే ఊళ్ళో, 1876లో. చిన్నప్పుడే బడి మానేసి ఈ రైల్వేలోనే ఊడ్చే పనిలో చేరాడు. మెట్టు మెట్టుగా ఎక్కి 1937లో కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. ఆగ్నేయాసియాను జపాన్ ఆక్రమించడంతో అమెరికాకు సహజ రబ్బరు రావడం ఆగిపోతే, 1942లో రూజ్‌వెల్ట్ రబ్బరు వ్యవహారాలన్నీ చూసే బాధ్యత అతనికే అప్పజెప్పాడు. కృత్రిమ రబ్బరు కర్మాగారాలు చకచకా లేచింది ఆ తర్వాతే.

కాంటీన్ నడిచిన స్టేషన్ ఇప్పుడు లేదు. ప్రయాణికుల బళ్ళు ఆగిపోయిన రెండేళ్ళకే, 1973లో, రైల్వే దాన్ని పడగొట్టించింది. ఆ చోట ఒక స్మారక ఫలకం, చిన్న ఖాళీ స్థలం ఉన్నాయి. అరవై లక్షల మంది అడుగుపెట్టిన గది అది. ఇటుకలు తిరిగి పేర్చుకోవచ్చు, ఆ గచ్చు మాత్రం దొరకదు. దాన్ని నిలబెట్టి ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం. కాంటీన్ వస్తువులు, ఫొటోలు, సైనికులు రాసిన ఉత్తరాలు చూడాలంటే లింకన్ కౌంటీ మ్యూజియానికి వెళ్ళాలి.

స్టేషన్ పోయినా ఆ అలవాటు పోలేదు. 2018 జూన్‌లో ఆర్కన్సా నేషనల్ గార్డ్ సైనికులు దాదాపు 700 మంది శిక్షణ ముగించుకుని బస్సుల్లో ఈ దారిన తిరిగి వెళ్తున్నారు. భోజనానికి ఆగే ఏర్పాటేదైనా ఉందా అని ముందుగా ఊరిని అడిగారు. ఊరంతా కదిలింది. రెండు రోజుల పాటు వచ్చిన ప్రతి బస్సుకూ ఎదురెళ్ళి, పుట్టినరోజు కేకుతో సహా వడ్డించారు.

గుట్ట మీంచి జారే వ్యాగన్లు

ఇక యార్డు. యూనియన్ పసిఫిక్ అధ్యక్షుడిగా చేసిన ఎడ్ బెయిలీ పేరు మీద దీన్ని బెయిలీ యార్డు అంటారు. పొడవు ఎనిమిది మైళ్ళు, విస్తీర్ణం 2,850 ఎకరాలు. లోపలి పట్టాలన్నీ కలిపి కొలిస్తే 315 మైళ్ళు. 1995లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

ఇక్కడ జరిగే పని ఒక్క మాటలో చెప్పాలంటే వ్యాగన్లను వేరుచేసి మళ్ళీ కలపడం. ఒక గూడ్సు బండిలో వంద వ్యాగన్లుంటే అవన్నీ ఒకే ఊరికి పోవు. పది చికాగోకి, ఇరవై టెక్సాస్‌కి, మిగతావి ఇంకెక్కడికో. ఏ ఊరివి ఆ ఊరి బండికి తగిలించాలి. ఇంజనుతో ముందుకీ వెనక్కీ లాగుతూ షంటింగ్ చేస్తే రోజులు పడుతుంది. అందుకని మట్టితో గుట్టలు పోశారు. తూర్పుకు పోయే వ్యాగన్లకు ఒకటి, 34 అడుగుల ఎత్తు. పడమటివాటికి మరొకటి, 20 అడుగులు.

వెనక నుంచి ఇంజను నడక వేగంతో బండిని గుట్ట పైకి నెడుతుంది. శిఖరం దగ్గర కప్లింగ్ విప్పుతారు. విడిపోయిన వ్యాగన్ తన బరువుకు తనే కిందికి జారుతుంది. ముందు దాని బరువు కొలుస్తారు, ఎంత సులువుగా దొర్లుతోందో చూస్తారు. కింద పట్టాలు చేతి వేళ్ళలా విడిపోతూ పోతాయి. ఈ వ్యాగన్ ఏ పట్టా మీదికి పోవాలో కంప్యూటరు తేల్చి పాయింట్లు మారుస్తుంది. జోరు ఎక్కువైతే పట్టాల పక్కనున్న ఇనుప దవడలు చక్రాలను రెండు వైపులా నొక్కి పట్టుకుంటాయి. అప్పుడు లేచే కీచుమనే రొద అర మైలు దూరానికి వినిపిస్తుంది. వేగం తగ్గిన వ్యాగన్ మెల్లగా వెళ్ళి, అప్పటికే నిలబడి ఉన్న వ్యాగన్ల వరసకు ‘ఠక్’మని తగులుకుంటుంది. అంతలో పైనుంచి మరొకటి బయల్దేరి ఉంటుంది. ఒక్కో వ్యాగన్‌లో వంద టన్నుల దాకా సరుకు. నడిపేవాడు, తోసేవాడు ఎవడూ లేకుండా, బరువొక్కటే దాన్ని దాని చోటికి చేర్చడం నేను ఎన్నిసార్లు తలుచుకున్నా అబ్బురమే.

ఇదంతా పైనుంచి చూడటానికి 2008లో గోల్డెన్ స్పైక్ టవర్ కట్టారు. ఎనిమిది అంతస్తులు. ఏడో అంతస్తు గాలికి తెరిచి ఉంటుంది, ఎనిమిదోది అద్దాల గది. కింద కనిపించేది ఏమిటో వివరించడానికి రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దవాళ్ళు ఉంటారు. వాళ్ళను మాట్లాడించండి. బోర్డుల మీద లేని సంగతులు వాళ్ళ నోటే వినాలి.

వయోమింగ్ గనుల నుంచి వచ్చే బొగ్గు బళ్ళు ఒకప్పుడు ఈ యార్డుకు పెద్ద ఆధారం. విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు వాడకం తగ్గుతున్న కొద్దీ ఆ బళ్ళూ తగ్గాయి. గత కొన్నేళ్ళలో రైల్వే ఉద్యోగాలు కోతపడి, తాతల నాటి నుంచి ఇదే పనిలో ఉన్న కుటుంబాలు ఇబ్బందిపడ్డాయి. రైల్వే ఒక్కదాన్నే నమ్ముకోకూడదని ఊరు గట్టిగా పూనుకుని ఒక పెద్ద మాంసం శుద్ధి కర్మాగారాన్ని తెచ్చుకుంది.

పిల్లలతో వెళ్తే

కోడీ పార్కులో నిలబెట్టిన 3977 నంబరు ‘చాలెంజర్’ ఆవిరి ఇంజనును తప్పక చూపించండి. 1943లో తయారైంది. ఈ రకం ఇంజన్లలో ఇవాళ మిగిలినవి రెండే. ఇంధనం, నీళ్ళు మోసే టెండర్‌తో కలిపి 120 అడుగులకు పైగా పొడవు. అంత పొడవైన ఇంజను వంపుల్లో పట్టు తప్పకుండా తిరగాలని చట్రాన్ని రెండు ముక్కలుగా చేసి మడతబందులా కీలు పెట్టారు. దాని పక్కన 6922 నంబరు ‘సెంటెనియల్’ డీజిల్ లోకో. తూర్పు పడమర పట్టాలు కలిసి వందేళ్ళయిన సందర్భంగా 1969లో ఆ వరసకు ఆ పేరు పెట్టారు. ఒకే లోకోలో రెండు డీజిల్ ఇంజన్లు, మొత్తం 6,600 హార్స్ పవర్. పార్కులో చిన్నపిల్లల రంగులరాట్నాలూ ఉన్నాయి.

హైవే పక్కన ఫోర్ట్ కోడీ అనే దుకాణం కర్రకోట ఆకారంలో కనిపిస్తుంది. లోపల బఫెలో బిల్ ప్రదర్శనను మొత్తంగా బుల్లి బొమ్మల్లో చూడొచ్చు. చేత్తో చెక్కిన 20 వేల బొమ్మలవి. గుర్రాలు, బగ్గీలు, ప్రేక్షకులతో సహా.

బ్యాండ్ సంగీతంలో పేరు మోసిన గ్లెన్ మిల్లర్ చిన్నతనంలో కొంతకాలం ఈ ప్రాంతంలోనే పెరిగాడు. యుద్ధ కాలపు కుర్రాళ్ళు చిందులేసిన పాటల్లో ఎన్నో అతని బ్యాండ్‌వే.

నెబ్రాస్కాలో వేసవి సరదా ఒకటుంది. పశువులు నీళ్ళు తాగే పెద్ద గుండ్రటి తొట్టిలో బెంచీలు వేసుకుని, పదిమందీ కూర్చుని, నది వాలున తేలిపోవడం. తెడ్డు వేసినా తొట్టి గిరగిరా తిరుగుతుందే తప్ప మన మాట వినదు. నీళ్ళు లోతు తక్కువ కాబట్టి పిల్లలకూ భయం లేదు. ఊరికి దక్షిణాన మలోనీ సరస్సులో పడవలు, చేపల వేట ఉన్నాయి.

పక్షులంటే ఇష్టమున్నవాళ్ళు మార్చిలో వెళ్ళాలి. ఉత్తరాదికి వలస పోయే శాండ్‌హిల్ కొంగలు లక్షల్లో ప్లాట్ నది వెంబడి దిగుతాయి. పగలు కోతకోసిన మొక్కజొన్న చేలల్లో రాలిన గింజలు ఏరుకుంటాయి, రాత్రి లోతులేని నీళ్ళలో నిలబడి నిద్రపోతాయి.

వాచీ సంగతి

అమెరికాలో ఒకప్పుడు ప్రతి ఊరికీ సూర్యుణ్ణి బట్టి సొంత గడియారం ఉండేది. రైళ్ళ టైంటేబులు వేయడం గగనమై, 1883 నవంబరు 18న రైల్వే కంపెనీలు దేశాన్ని కాలమండలాలుగా పంచుకున్నాయి. బండి సిబ్బంది మారే ఊళ్ళ దగ్గరే వాచీలు మార్చుకోవడం వాళ్ళకు తేలిక. అలా సెంట్రల్ టైముకు, మౌంటెన్ టైముకు హద్దుగా నిలిచిన స్టేషన్లలో నార్త్ ప్లాట్ ఒకటి. ఇప్పటికీ ఆ గీత పెద్దగా జరగలేదు. ఊరు సెంట్రల్ టైములో ఉంది, పడమటి పక్కనున్న కౌంటీ మౌంటెన్ టైములో ఉంది.

ఒమాహా నుంచి డెన్వరుకు 80వ నంబరు హైవే మీద కారులో వెళ్ళే మన తెలుగువాళ్ళు ఈ ఊరి దగ్గర పెట్రోలుకో కాఫీకో ఆగుతుంటారు. 177వ ఎగ్జిట్ దగ్గర దిగితే ఫోర్ట్ కోడీ ఎదురుగానే ఉంటుంది. టవర్‌కు, బఫెలో బిల్ ఇంటికి, పార్కుకు ఊరి గుండా వెళ్ళాలి. మూడూ చూడటానికి ఒక పూట పడుతుంది. ఆలస్యమైందని కంగారు పడనక్కర్లేదు, పడమటికే వెళ్తున్నారు కాబట్టి కౌంటీ గీత దాటగానే ఫోన్లో ఒక గంట వెనక్కి వస్తుంది.